కొట్టని దెబ్బలు

మా అక్కకి,

ఫోన్ చేస్తే కట్ చేస్తున్నావు కాబట్టి కాగితం మీద తిడుతున్నాను. చించకుండా చదువు. మొన్న నువ్వు కాళ్లు కడుక్కుంటుంటే చూశాను. ముందూ వెనకా నల్లగా కమిలిపోయాయి. "మంచం కోడు తగిలింది" అన్నావు. రెండు కాళ్లకీ ముందూ వెనకా తగిలే మంచం ఏ వడ్రంగి చేశాడు? వెల్డింగ్ చేసుకునేవాణ్నే, పెద్దగా చదువుకోలేదు, నిజమే. అంతమాత్రాన నాకు టోపీ పెట్టకు. బావ నీ మీద చెయ్యి చేసుకుంటున్నాడు. అవునని ఒక్క మాట రాయి, మిగతాది నేను చూసుకుంటాను.

నీ కోతి

ఒరేయ్ కోతీ,

నేను రాసేదాకా ఆగావా? బస్సు డిపోలో తోటి డ్రైవర్లందరి ముందు మీ బావ కాలర్ పట్టుకుని "పెళ్లాన్ని కొట్టే వెధవా" అని అరిచి వెళ్లావు. ఇప్పుడు క్యాంటీన్లో ఆయన పక్కన ఎవరూ కూర్చోవడం లేదు. ఆయన కొట్టలేదురా. ఎలా కమిలిందో నాకే తెలియదు, తెలియకే నెపం మంచం మీదికి తోశాను. నా కడుపుమంటకి మందిచ్చే డాక్టరు రక్తం తక్కువని టానిక్ రాశాడు.

అక్క

అక్కా,

దెబ్బ ఎలా తగిలిందో తెలియని మనిషి ఉంటుందా? నువ్వు మాట్లాడుతుంటే పళ్ల మీద రక్తం చూశాను. అంటే మూతి మీద కూడా కొడుతున్నాడన్నమాట! ఆ టానిక్ డాక్టరు నీ కాళ్లవైపు చూశాడా అసలు? ఆదివారం బండి తెస్తున్నాను, బట్టలు సర్దుకో. రానంటే మోసుకుపోతా.

తమ్ముడు

తమ్ముడూ,

నువ్వు ఖాళీ బండితో తిట్టుకుంటూ వెళ్లిన మర్నాడు, మీ బావ సెలవు పెట్టి నన్ను పళ్ల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు. కాళ్ల సంగతి ఆయనే ఎత్తాడు. ఆవిడ ఆయన్ని బయటికి పంపి, "ఎవరైనా కొడుతున్నారా?" అంది. లేదన్నాను. "మరి ఏం తింటున్నావమ్మా?" అంది.

కడుపుమంటకి పులుపు మానమని ఆ టానిక్ డాక్టరు అన్నాడు, నేను భయపడి పండూ కూరగాయా అన్నీ మానేశాను. ఏడాదిగా రొట్టె, పాలు, అంతే. ఆవిడ నా కాళ్ల మీద వెంట్రుకల మొదట్లో ఎర్రచుక్కలు చూసి, పెద్దాసుపత్రికి రాసింది. రక్తపరీక్షలో విటమిన్ సి దాదాపు లేదని తేలింది. స్కర్వీ అట. సన్న రక్తనాళాలు వాటంతటవే చిట్లుతాయట. మాత్రలు వేసుకుంటున్నాను, చిగుళ్ల రక్తం ఆగింది.

నాకూ ఒళ్లు మండుతోందిరా. మంట తగ్గిందా అని ప్రతిసారీ అడిగిన ఆ డాక్టరు, ఏం తింటున్నావని ఒక్కసారీ అడగలేదు. ఆయన్ని నేను వెళ్లి కడిగేస్తాను. నువ్వు మాత్రం డిపోకి వెళ్లు. టీ వేళకి, అందరూ ఉన్నప్పుడు. ఆ రోజు ఎంత గొంతుతో అరిచావో అంత గొంతుతో నిజం చెప్పు. పక్కకి పిలిచి గొణిగితే ఒప్పుకోను.

మీ బావ వద్దంటున్నాడు. ఆయన మాట నువ్వు ఏనాడు విన్నావు గనక.

నీ అక్క