జిప్పుతో ఊడే చేతులు

మార్చి 2

నన్ను కమిటీలో వేశారు. పోస్ట్‌మెన్ అందరికీ ఈ ఏడాది నుంచి కొత్త జాకెట్ ఇస్తారట. మా కొండ ప్రాంతంలో చలి పూర్తిగా పోక, ఎండ పూర్తిగా రాక, మధ్యమధ్య వాన పడే ఈ మూడు నెలల కోసం. కమిటీలో అయిదుగురం. డివిజన్ సూపరింటెండెంట్, ఆయన కింద పనిచేసే ఆఫీసర్లు ఇద్దరు, స్టోర్స్ మేడం, నేను. నా పేరు పక్కన ‘ఫీల్డ్ ప్రతినిధి’ అని టైపు చేశారు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో నా పేరు పక్కన బీట్ నెంబర్ కాకుండా ఇంకో మాట రావడం ఇదే మొదలు.

మా పోస్టాఫీసులో ముప్పై తొమ్మిది మందిమి. పొద్దున్న సార్టింగ్ హాల్లో ఉత్తరాలు పక్కన పెట్టి అందరూ నా మీద పడ్డారు. బాబాయ్ అయితే మరీను. మాలో అందరికంటే పెద్దాయన, వచ్చే ఏడు రిటైర్ అవుతాడు. అందరం బాబాయ్ అనే అంటాం. జాకెట్టుకి మెడ ఏ మోడల్ పెట్టిస్తున్నావురా, హుక్కులు ముందా వెనకా అని అడిగాడు. హాలంతా నవ్వులు. తర్వాత పక్కకి పిలిచి, వేళాకోళానికేం గానీ ఆ గదిలో భుజాన బ్యాగ్ వేసుకునేవాడివి నువ్వొక్కడివే, అది మర్చిపోకు అన్నాడు.

మర్చిపోను.

మార్చి 4

మీటింగ్. కంపెనీ మనిషి మూడు శాంపిల్స్ తెచ్చాడు.

నెంబర్ 1, నల్ల నైలాన్, పల్చన. నెంబర్ 2, ఆలివ్ రంగు, కాటన్ కలిసిన గుడ్డ, వెనక భాగం కాస్త పొడుగు, జిప్ కింది నుంచి కూడా తెరుచుకుంటుంది. నెంబర్ 3, నీలం. దీని గురించే కంపెనీ మనిషి ముప్పావుగంట మాట్లాడాడు. త్రీ ఇన్ వన్ సార్, పొద్దున జాకెట్, మధ్యాహ్నం చేతులు తీసేస్తే వెయిస్ట్‌కోట్, వానొస్తే రెయిన్‌కోట్ సార్. భుజం దగ్గర చుట్టూ జిప్ ఉంది. లాగితే చెయ్యి ఊడి వస్తుంది.

సూపరింటెండెంట్ చేతులు ఊడదీశాడు. పెట్టాడు. మళ్ళీ ఊడదీశాడు. నాలుగుసార్లు. ఆఫీసర్లలో సన్నగా ఉన్నాయన వేసుకుని అద్దం ముందు నిలబడ్డాడు. రెండో ఆయన, పెళ్ళిచూపులకి వెళ్ళొచ్చు అన్నాడు.

వేసుకుని సైకిల్ తొక్కి చూడాలి సార్ అన్నాను. ఏమయ్యా, కాన్ఫరెన్స్ రూమ్‌లోకి సైకిల్ తెస్తావా అన్నాడు సూపరింటెండెంట్. అందరూ నవ్వారు. స్టోర్స్ మేడం నవ్వలేదు. ఆఖరికి, సరే మూడూ పట్టుకెళ్ళు, మూడు రోజులు వేసుకో, ఏదో ఒకటి రాసివ్వు అన్నారు.

మార్చి 5

నెంబర్ 1. ఉదయం ఆరుకి తొమ్మిది డిగ్రీలు. గాలి ఆగింది, బాగుంది. పదకొండుకి ఇరవై రెండు. లోపల చొక్కా పిండితే కారేలా ఉంది. గాలిని ఎలా ఆపిందో చెమటనీ అలాగే ఆపింది. నడిస్తే చప్పుడు. కుక్కలు నన్ను చూడకముందే మొరిగాయి.

మార్చి 6

నెంబర్ 2. ఉదయం పది డిగ్రీలు, లోపల స్వెటర్ పట్టింది. ఎండెక్కాక స్వెటర్ తీసి బ్యాగులో పెట్టాను, చేతులు మోచేతిదాకా మడిచాను. సైకిల్ మీద ముందుకి వంగినా నడుం బయటపడలేదు. జిప్ కింది నుంచి కాస్త తెరిస్తే మోకాళ్ళకి అడ్డం రాలేదు. 3.40 నుంచి 4.05 దాకా వాన. భుజాలు చెమ్మగిల్లాయి, లోపలికి దిగలేదు. రాయడానికి ఇంకేం లేదు. మంచి జాకెట్ గురించి రాయడానికి ఎక్కువేం ఉండదు.

మార్చి 7

నెంబర్ 3. ఉదయం బాగుంది. పదకొండుకి చేతులు ఊడదీశాను. ఎక్కడ పెట్టాలి? జేబులో పట్టవు. బ్యాగులో పెట్టాను. ఆ తర్వాత పన్నెండు గడపల దగ్గర ఉత్తరం కోసం చెయ్యి పెడితే జాకెట్ చెయ్యి వచ్చింది. ఒకావిడ, ఇది మాకా అండీ అని అడిగింది. రెండింటికి గాలి మారితే మళ్ళీ తగిలించడానికి నాలుగు నిమిషాలు పట్టింది, అదీ ఒక షాపు మెట్లమీద కూర్చుంటేనే.

రాత్రి మా ఆవిడకి ఇచ్చాను. తనది ఆల్టరేషన్ షాపు. లోపలివైపు తిరగేసి వేలితో భుజం చుట్టూ తడిమింది. ఇక్కడ కుట్టు లేదండీ, జిప్ పళ్ళే ఉన్నాయి, బ్యాగ్ పట్టీ సరిగ్గా వాటిమీదే పడుతుంది కదా అంది. చెంబుతో నీళ్ళు తెచ్చి భుజం మీద పోసింది. లెక్కపెట్టాను. పదకొండో సెకనుకి లోపల తడి.

అయినా ఊడే చేతులు ఎవరికండీ, చేతులు మడుచుకోవడం రాని మగాళ్ళకా అంది.

మార్చి 9

మళ్ళీ మీటింగ్. రెండు పేజీలు రాసిచ్చాను. డిగ్రీలు, టైములు, నిమిషాలు, సెకన్లు. విశేషణం ఒక్కటీ వాడలేదు. సూపరింటెండెంట్ మొదటి పేజీ మూల ఇనీషియల్స్ పెట్టి ఫైల్లో పడేశాడు. రెండో పేజీ తిప్పలేదు.

మూడో నెంబర్ వద్దు సార్, రెండోది తీసుకోండి అని చెప్పాను. మూడుసార్లు చెప్పాను. మొదటిసారి, చూద్దాం అన్నాడు. రెండోసారి, అన్నిటికీ వంకలు పెడితే ఎలాగయ్యా అన్నాడు. మూడోసారి, టీ తాగు అన్నాడు.

హాజరు కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. వచ్చాను.

మార్చి 26

జాకెట్లు వచ్చాయి. నీలం. మూడో నెంబర్.

సరే, నా మాట నెగ్గలేదు. ఒక్కడి మాట నెగ్గకపోవడం వింత కాదు. కానీ డబ్బాలతోపాటు ఒక ఆర్డర్ వచ్చింది. హాల్లో నోటీసు బోర్డు మీద పెట్టారు. అందరితోపాటు నిలబడి చదివాను. ‘ఫీల్డ్ ప్రతినిధి సహా కమిటీ ఏకగ్రీవంగా ఎంపిక చేసినది.’ కింద మినిట్స్ కాపీ. దాని వెనక అయిదు సంతకాల కాగితం. అయిదోది నాది. నేను హాజరు కోసం పెట్టింది.

నేను కాదు, ఇది నిజం కాదు అన్నాను. మాలో ఒకడు మిలటరీ నుంచి వచ్చాడు, మిలటరీ అనే పిలుస్తాం. సంతకం నీదా కాదా అని అడిగాడు. నాదే అన్నాను. మరింకేం అన్నాడు.

మార్చి 27

డివిజన్ ఆఫీసుకి ఫోన్. మినిట్స్ సరిచేయాలని అడిగాను. అయిపోయిన పెళ్ళికి మేళం ఎందుకయ్యా అన్నాడు సన్న ఆఫీసర్.

మార్చి 31

ఇవాళ్టికి పోయిన చేతులు తొమ్మిది. సంచుల్లోంచి జారినవి, సైకిల్ హ్యాండిల్‌కి కట్టినవి, టీ కొట్టులో మర్చిపోయినవి. మిలటరీ రెండు ఎడమచేతులతో వచ్చాడు. ఒకటి అతనిది, ఒకటి ఎవరిదో. ఎవరూ నవ్వలేదు. నావైపు చూశారు.

ఏప్రిల్ 3

రెండింటి నుంచి నాలుగుంబావు దాకా వాన ఆగకుండా పడింది. నా భుజాలు, వీపు తడిసిపోయాయి. బాబాయ్ ఒక చెయ్యి పోగొట్టుకున్నాడు, ఒంటిచేత్తోనే బీట్ పూర్తి చేశాడు. ఉత్తరాలు తడవకూడదని జాకెట్ టోపీ ఊడదీసి వాటిమీద కప్పాడట. వణుకుతూ వచ్చి పొడిగా ఉన్న కట్ట బల్లమీద పెట్టాడు. టీ తెచ్చిస్తే తీసుకోలేదు.

ఏప్రిల్ 5

బాబాయ్ ఆస్పత్రిలో చేరాడు. న్యుమోనియా. డాక్టర్ రెండు వారాలు అన్నాడు.

వెళ్ళాను. పిన్ని బయట బెంచీ మీద కూర్చుని ఉంది. నిద్రపోతున్నాడు నాయనా అంది. తలుపు సందులోంచి చూశాను. నిద్రపోవడం లేదు. నన్ను చూసి మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

ఎవడో జాకెట్ ఎంచుకున్నాడు, ఎవరో పడుకున్నారు. ఆ ఎవడో నేనని కాగితం చెబుతోంది.

ఏప్రిల్ 6

మిలటరీ నా గురించి అన్న మాట ఇంకొకరి నోట విన్నాను. ఒక్కపూట కుర్చీలో కూర్చోగానే మనవాడికి వెన్నెముక కరిగిందట.

ఏప్రిల్ 8

మెమోలు వచ్చాయి. ఇలా ఉంది, అక్షరం మార్చకుండా ఎక్కిస్తున్నాను: ‘మీకు అందజేసిన ఎడమ చేయి (1) కనబడకపోవుటకు కారణములు మూడు దినములలో తెలుపవలెను.’ పదిహేడు మందికి ఇచ్చారు. జాకెట్ ఒక వస్తువు కాదు, నాలుగు వస్తువులట. బాడీ, కుడి చేయి, ఎడమ చేయి, టోపీ. బాబాయ్‌కి మెమో ఆస్పత్రి అడ్రస్‌కి పంపారు. వార్డు నెంబర్‌తో సహా. ఆయన ఎక్కడున్నాడో వీళ్ళకి తెలుసన్నమాట. ఎందుకున్నాడో ఒక్కరు అడగలేదు.

ఆఖర్న ఇంకో ఆదేశం. ‘ఇకపై వాడుకలో లేని చేతులు పోకుండా, వాటిని వెంటనే డివిజన్ ఆఫీసుకు పంపి, ముట్టినట్లు రసీదు పొందవలెను.’

ఏప్రిల్ 9

సెలవు పెట్టి డివిజన్ ఆఫీసుకి వెళ్ళాను. గంటా పది నిమిషాలు కూర్చోబెట్టారు. సూపరింటెండెంట్‌తో రెండే మాటలు చెప్పాను. నేను వద్దన్నాను. మీరు ఏకగ్రీవం అని రాశారు.

ఏకగ్రీవం అంటే అందరి మర్యాదా కాపాడే మాటయ్యా, నీ మర్యాద కూడా అన్నాడు. ముప్పై ఎనిమిది మంది నాతో మాట్లాడటం లేదు సార్ అన్నాను. రెండు నెలలు పోతే ఎండలొస్తాయి, జాకెట్టే మర్చిపోతారు అన్నాడు.

నా రిపోర్ట్ ఫైల్లోనే ఉంది కదా, కాపీ ఇప్పించండి అన్నాను. దరఖాస్తు పెట్టుకో అన్నాడు. అక్కడే నిలబడి రాశాను. కలం కాగితంలోకి దిగింది. రెండో కాగితం తీసుకుని మళ్ళీ రాశాను.

ఏప్రిల్ 11

దరఖాస్తు స్టోర్స్ మేడం దగ్గరికి వెళ్ళిందట. మధ్యాహ్నం ఆవిడే మా పోస్టాఫీసుకి వచ్చింది, జాకెట్ల స్టాకు చూడాలని. మినిట్స్ టైపు చేసింది నేనే, చెప్పింది చెప్పినట్టు కొట్టాను, ఏకగ్రీవం అన్న మాట దగ్గర వేలు ఆగింది కానీ ఆపలేకపోయాను అంది. ఆవిడ మీద కోపం తెచ్చుకోవాలని చూశాను, రాలేదు. నా రిపోర్ట్ కాపీ నా చేతికి ఇవ్వలేదు. హాల్లోకి నడిచి నోటీసు బోర్డు మీద, ఆ ఆర్డర్ పక్కనే, పిన్ను గుచ్చి వెళ్ళిపోయింది. రెండు పేజీలూ. మొదటి పేజీ మూల ఆయన ఇనీషియల్స్, తేదీ.

ఏప్రిల్ 12

బోర్డు ముందు మనుషులు ఆగడం చూశాను. మిలటరీ చాలాసేపు నిలబడ్డాడు. పెదాలు కదుపుతూ చదువుతాడు. నా బల్ల దగ్గరికి వచ్చి, పదకొండు సెకన్లు నువ్వే లెక్కపెట్టావా అన్నాడు. అవును, మా ఆవిడ నీళ్ళు పోసింది అన్నాను. తలూపి వెళ్ళాడు.

సాయంత్రం ఆస్పత్రికి వెళ్ళాను. ఈసారి పిన్ని తలుపు తీసింది. బాబాయ్ కూర్చుని ఉన్నాడు. మిలటరీ పొద్దున వచ్చి వెళ్ళాడట. ఆ రెండు పేజీలు మొదటిరోజే మాకు చూపించాల్సిందిరా వెధవా అన్నాడు. కాపీ ఉంచుకోలేదు బాబాయ్ అన్నాను. ఊళ్ళోవాళ్ళందరికీ రసీదులిస్తావు, నీకు మాత్రం ఒక్క రసీదు ఉండదు అని దగ్గాడు. నవ్వాడో దగ్గాడో పూర్తిగా తెలియలేదు.

ఏప్రిల్ 14

హాల్లో ఏదో నడుస్తోంది. నేను వెళ్ళగానే మాటలు ఆగుతున్నాయి. ఇదివరకు ఆగినట్టు కాదు. ఇప్పుడు ఆగి నవ్వుతున్నారు.

ఏప్రిల్ 16

రిజిస్ట్రేషన్ కౌంటర్ దగ్గర సాయంత్రం క్యూ. అందరూ మావాళ్ళే. ఒక్కొక్కడి చేతిలో బ్రౌన్ కవర్, మెత్తగా, ఉబ్బెత్తుగా. సరైన చిరునామా, సరైన స్టాంపులు. ఏంట్రా ఇది అంటే, ఆర్డర్ పాటిస్తున్నాం అన్నా, వాడుకలో లేని చేతులు పంపి రసీదు పొందవలెను అని ఉంది కదా అన్నాడు ఒకడు, మొహంలో నవ్వు లేకుండా. బాబాయ్ కవర్ పిన్ని తెచ్చింది. పంపినవారి చిరునామాలో వార్డు నెంబర్ రాసి ఉంది.

ముప్పై ఎనిమిది. ఏ ఒక్కటీ విప్పి చూసే హక్కు నాకు లేదు. చూడలేదు.

డివిజన్ ఆఫీసున్న వీధి ఆరో బీట్‌లోకి వస్తుంది. ఆరో బీట్ నాది.

ఏప్రిల్ 17, మధ్యాహ్నం 12.20

సూపరింటెండెంట్ పేరు మీద ముప్పై ఎనిమిది రిజిస్టర్డ్. స్వయంగా తీసుకున్నాడు. మొదటిదానికి సంతకం పెట్టి, చింపాడు. కుడి చెయ్యి, దాంతో ఒక చీటీ. అలవాటుగా పైకి చదివాడు. ఇది వద్దని మావాడు ముందే చెప్పాడు.

రెండోది. సంతకం. చింపాడు. అదే వాక్యం, వేరే చేతిరాత. ఈసారి లోపల చదువుకున్నాడు.

మూడోదానికి సంతకం పెట్టాడు. చింపలేదు.

ఇంకా ముప్పై అయిదు ఉన్నాయి సార్ అన్నాను.