ఖుష్బూకీ నాకూ ఒకటే జీతం

జూన్ 2, సోమవారం

ఈ రోజు జీతాలు పెరిగాయి. ప్రభుత్వం కనీస వేతనం పెంచిందట. లేబర్ ఆఫీసు వాళ్ళు మార్కాపురం బజారంతా తిరిగి చెప్పి వెళ్ళారు. మా షావుకారు నాగభూషణం గారు కవర్లు ఇస్తూ ఎవరి మొహమూ చూడలేదు. నాకు కాస్త పెరిగింది. ఖుష్బూకి బాగా పెరిగింది. ఎంతగా అంటే, ఇప్పుడు ఆమెదీ నాదీ ఒకటే జీతం.

నేను ఈ చీరల షాపులో చేరేనాటికి ఖుష్బూ స్కూలుకు వెళ్తోంది. పోయినేడు రంజాన్ సీజన్‌లో పనికొచ్చింది. గద్వాలకీ వెంకటగిరికీ తేడా చెప్పింది నేను. ఒక్క విసురుతో చీర పరచడం నేర్పింది నేను.

ఖుష్బూ అందరికీ మైసూర్‌పాక్ పంచింది. తిన్నాను. బాగుంది కూడా.

జూన్ 3

నా జీతం తగ్గలేదు. పెరిగింది. మరి ఎందుకిలా ఉంది?

జూన్ 9, లంచ్ టైమ్

సాయంత్రం టీ బంద్. పై అంతస్తులో ఏసీ బంద్. తుడిచే ఆమెను మాన్పించి ఆ పని మాకు వంతులు వేశారు. కోపం షావుకారు మీద రావాలి. రావడం లేదు.

దోర్నాల నుంచి పెళ్ళిబట్టలకు వచ్చిన కుటుంబం మెట్లెక్కుతూనే ఖుష్బూ ఏదని అడిగింది. ఎదురుగా నేనున్నాను. ఆమె వాళ్ళతో ఉర్దూలో నవ్వుతూ మాట్లాడి, చూస్తుండగానే పెద్ద మూట కట్టించి పంపింది. పరిచిన ప్రతి చీరా నా విసురే.

జూన్ 17

షావుకారు నన్ను ఒక్కదాన్నే పిలిచాడు. ఆన్‌లైన్ వచ్చాక బేరాలు పడిపోయాయట, ఆషాఢం దగ్గర పడిందట, ఈ జీతాలతో ఇంతమందిని మోయలేడట. అబద్ధం కాదు, మనిషి నిజంగానే చిక్కిపోయాడు. ఒకరిని తీసేయాలి.

"నువ్వు పెద్దదానివి యశోదమ్మా. ఎవర్ని తీస్తే పని ఆగదో నువ్వే చెప్పు."

మాతో పనిచేసే సింధూజ బిల్లులు తప్పు రాస్తుంది, ఫోన్ వదలదు. ఆ పేరు నోటిదాకా వచ్చింది.

"ఖుష్బూ కస్టమర్లను సొంతం చేసుకుంటా ఉంది. రేపు వేరే షాపుకు పోతే వాళ్ళనూ తీస్కపోతాది" అన్నాను.

ఖుష్బూ ఎక్కడికీ పోతానని ఎప్పుడూ అనలేదు.

జూన్ 30

ఖుష్బూని తీసేశారు. వెళ్ళేముందు అందరికీ వెళ్ళొస్తానని చెప్పింది, నాకు రెండుసార్లు చెప్పింది. ఏడుస్తుందేమోనని చూశాను. ఏడవలేదు.

జూలై 8

హాయిగా ఉంటుందనుకున్నాను. ఆమె కౌంటర్ కూడా నాకే ఇచ్చారు. మెట్లు ఎక్కీ దిగీ మోకాళ్ళు పోతున్నాయి. దోర్నాల వాళ్ళు మళ్ళీ వచ్చారు. లోపల ఒకసారి కలియజూసి, కూర్చోకుండానే దిగిపోయారు.

జూలై 21

బస్టాండు దగ్గర కొత్తగా తెరిచిన పెద్ద షాపులో ఖుష్బూ చేరిందని సింధూజ చెప్పింది. అక్కడ జీతం ఇంకా ఎక్కువట. మా ఇంటికి అది దారి కాదు. అయినా అటే వెళ్ళాను. అద్దాల బయట నిలబడి చూశాను. యూనిఫాం చీర కట్టుకుని, పేరున్న బ్యాడ్జి పెట్టుకుని, చుట్టూ జనం మధ్య పట్టుచీర పరుస్తోంది. దోర్నాల కుటుంబం అక్కడే కూర్చుని ఉంది.

తీసేయించింది నేనే. అక్కడికి చేర్చిందీ నేనే.

జూలై 28

పై అంతస్తు మూసేశారు. మా షాపులో ఇంకొకరిని తీస్తారు. ఈసారి షావుకారు సింధూజను పిలిచి మాట్లాడాడు.

ఆగస్టు 2, పొద్దున

షట్టర్ తీయకముందే ఖుష్బూ మెట్ల మీద కూర్చుని ఉంది. నా కోసమేనట. వాళ్ళ షాపులో పట్టు సెక్షన్‌కు అనుభవమున్న మనిషి కావాలట.

"నీ పేరు చెప్పినాను అక్కా. నాకు పని నేర్పింది నువ్వే అని కూడా చెప్పినాను."

ఉండబట్టలేక అడిగాను. "నిన్ను ఇక్కడ తీయించింది ఎవరో తెల్సా?"

"తెల్సు. షావుకారు సింధూజతో అన్నాడంట." దుపట్టా సర్దుకుంది. "సోమవారం పదికల్లా రా అక్కా. లేటయితే మా మేనేజర్ ఊరుకోడు."

ఆగస్టు 4

చేరాను. నేనైతే పిలిచేదాన్ని కాదు. పొద్దుట్నించీ అదే మంట.