గౌహతి లోడుకి నువ్వు వెళ్ళవు

బావా,

చిన్నమ్మకి కంటి ఆపరేషను, రేపల్లె ప్యాసింజరుకి వెళ్తున్నాను. నిన్ను లేపుదామని చూశాను గానీ, చెవి దగ్గర లారీ హారను కొట్టినా లేచేలా లేవు.

వంకాయ కూర పొయ్యి మీదుంది, వేడి చేసుకుని తిను. ధాబాలో లాగా "ఇంకో ఉల్లిపాయ!" అని అరవకు, తెచ్చేవాడు లేడు.

పొద్దున్నే మీ ఓనరు ఫోన్ చేశాడు. సాయంత్రం గౌహతి లోడు ఎత్తాలట. ఎత్తావంటే మళ్ళీ నెల దాకా నీ మొహం చూడం. అందుకే నీకు విరేచనాలు పట్టుకున్నాయని చెప్పాను. "అంత ఎక్కువగా ఉందా అమ్మా?" అన్నాడు. "బాత్రూంలోంచి బయటికే రావట్లేదండి" అన్నాను. మళ్ళీ చేస్తే మూలుగుతూ మాట్లాడు. ఈ ట్రిప్పు బత్తా డబ్బులు పోతే పోయాయి.

నాలుగింటికి హర్షిణి స్కూల్లో పేరెంట్స్ మీటింగు. ఇన్నాళ్ళూ మా తమ్ముడే వెళ్ళాడు. టీచరు వాణ్ణే తండ్రనుకుని "పాపది అచ్చం మీ పోలికేనండి" అందట. ఈసారైనా అసలువాడు కనబడాలి. గడ్డం గీసుకో. డీజిల్ వాసన లేని చొక్కా బీరువాలో ఒకటుంది.

రాత్రి నిద్రలో మళ్ళీ బ్రేకు తొక్కావు. నా పిక్క కమిలిపోయింది.

చౌడేశ్వరి

ఇంకో మాట. నువ్వు లైను మీదున్నన్ని రోజులూ మంచమంతా నాదే. అయినా నీ కాలికి చోటు వదిలేసి, గోడకి ఆనుకునే పడుకుంటున్నాను.