ఎడమవైపు వెండి రేకు

అమ్మీకి నవీద్ సలాం. నా తుపాకీల మరమ్మతు కొట్లో గొడవైందని ఎవరైనా చెబితే కంగారుపడకు, నాకు దెబ్బ తగల్లేదు.

చనిపోయిన తండ్రి వేటతుపాకీ పట్టుకుని అన్నదమ్ములిద్దరొచ్చారు. దాని ఎడమ పక్కనున్న, పూలు చెక్కిన వెండి రేకును అన్నే కాజేసి నకిలీది బిగించాడని తమ్ముడు అతని చొక్కా పట్టుకున్నాడు. "అసల్దో కాదో సెప్పు భాయ్! కాకపోతే ఈణ్ణి ఇక్కడే సంపేత్తాను."

ఆ రేకు మరలు విప్పాను. కుడివైపు రేకుతో పోల్చి చూస్తే చెక్కడం వేరే చేతిది, అసలుది కాదు. కానీ పాత నూనె గడ్డకట్టి రేకు తుపాకీ కర్రకు అతుక్కుపోయింది. "మీ నాన్న ఉండగానే, ఎన్నో ఏళ్ల కిందట మార్చింది" అన్నాను. తమ్ముడు అన్నను పట్టుకుని ఏడ్చేశాడు.

చెల్లి షిరీన్ పరీక్ష ఎలా రాసింది? మన అబ్బా ఇప్పుడైనా తన తమ్ముడు చాచాతో మాట్లాడుతున్నారా? లేకపోతే ఈ కార్డు అబ్బాకు చదివి వినిపించు. మీరంతా చల్లగా ఉండాలి.