గెరైంట్ మరణంపై విచారణ

హోలీహెడ్,
మార్చి 14

గెరైంట్ నాన్నకు, మెరెరిడ్ రాస్తున్నది. ఇక్కడ నేనూ, మీ అమ్మగారూ క్షేమం. ఓడ మీద మీరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

గాలివానకు పైకప్పు పలకలు జారాయా అని అడిగారు. రెండు జారాయి. మీ తమ్ముడు వచ్చి సరిచేశాడు. టీ తాగుతూ, "వదినా, నీ కేకు కన్నా ఆ పలకలే మెత్తగా ఉన్నాయి" అన్నాడు. అయినా మూడు ముక్కలు తిన్నాడు.

ఇక అసలు సంగతి. కార్డిఫ్‌లో హైకోర్టు తీర్పు మనవైపే వచ్చింది. అబ్బాయిది గుండె ఆగి వచ్చిన చావేనని తొమ్మిదేళ్ల క్రితం, అనుమానపు చావులను విచారించాల్సిన పాత కరోనర్ ఏ విచారణా లేకుండానే ఫైలు మూసేశాడు కదా. దాణా గోదాములో విషవాయువును పసిగట్టే గంటను ఆపేసి ఉంచారని వాడితో పనిచేసిన ఇల్టుడ్ ఇన్నాళ్లకు నోరు విప్పాక, కొత్త కరోనరమ్మ మరణ విచారణ జరుపుతానంది. ఆ నిర్ణయం చెల్లదని గోదాము కంపెనీ కోర్టుకెక్కింది. అనుమానానికి తగిన ఆధారం ఉన్నప్పుడు విచారించడం ఆమె బాధ్యతనీ, ఎవరో వద్దన్నంత మాత్రాన అది తప్పిపోదనీ చెప్పి జడ్జిగారు కంపెనీ దావా కొట్టేశారు.

ఆ వద్దన్నవాళ్లలో నేనూ ఉన్నాను. కంపెనీ లాయరు కోర్టులో ఒక పాత ఉత్తరం చదివాడు. "మా బిడ్డను ఇక కదిలించకండి. మాకు ఏ విచారణా వద్దు." కింద సంతకం నాది. అప్పట్లో మీరు ఓడెక్కిన వారానికే పాత కరోనర్‌కు రాసి పంపాను. ఆ తర్వాత మీరు ఆఫీసుల చుట్టూ తిరుగుతుంటే చూస్తూ కూర్చున్నానే గాని, చెప్పలేకపోయాను.

వాడు పోయిన రోజు పొద్దున మంచం దిగలేదు. "అమ్మా, నిన్నటి నుంచి తల పగిలిపోతోందే. గోదాములోకి వెళ్తే కళ్లు తిరుగుతున్నాయి" అన్నాడు. "మీ నాన్న తుఫాన్లో కూడా పనికి పోతారు. నీకు తలనొప్పికే సెలవా?" అని నేనే సాగనంపాను. విచారణంటూ జరిగితే ఈ మాట బయటపెట్టాలి. ఆ భయంతోనే ఆ ఉత్తరం రాశాను.

తీర్పు రోజున కోర్టు మెట్ల మీద మన లాయరు నెస్టాకు అంతా చెప్పేశాను. చీదరించుకుంటుందనుకున్నాను. ఆమె నా పక్కనే మెట్టు మీద కూర్చుంది.

"అంటే ముందు రోజే అక్కడ వాయువు ఉండి ఉండాలి. ఇది మీకొక్కరికే తెలుసమ్మా. వచ్చి చెప్తారా?"

"చెప్తాను" అన్నాను. తొమ్మిదేళ్లలో మొదటిసారి ఊపిరి నిండుగా ఆడింది.

విచారణ జూన్ రెండున. మొదటి సాక్షిని నేనే. నా మీద కోపం వస్తే రానివ్వండి, కాదనను. కోపంతోనే రండి, సెలవు మాత్రం పెట్టండి. వాడి మాట నేను ఆనాడు వినలేదు. ఈసారి అందరూ వినేలా చెప్తాను. నాకు కనబడేలా ముందు వరసలో కూర్చోండి.

ఇట్లు,
గెరైంట్ అమ్మ,
మెరెరిడ్