లారీ, స్కూటరు, ప్రిన్సిపాల్ మేడమ్

జూలై 8, సోమవారం

ఫిజిక్స్ సార్ కాలు విరిగింది. స్టాఫ్ రూమ్‌లో అందరితో పాటు నేనూ అయ్యో అన్నాను. మిగతా వాళ్లకంటే గట్టిగా అన్నానేమో, ప్రిన్సిపాల్ మేడమ్ నా వైపే చూశారు. ఆయన తిరిగొచ్చేదాకా తొమ్మిదో తరగతికి ఫిజిక్స్ నేనే చెప్పాలట.

నేను డ్రాయింగ్ మాస్టర్ని మేడమ్ అని గుర్తు చేశాను. తెలుసు మాస్టారూ, ఖాళీగా కనిపిస్తున్నది మీరొక్కరే అన్నారావిడ. తర్వాత గొంతు తగ్గించారు. వచ్చే ఏడు డ్రాయింగ్ ఎత్తేసి నా గదిని కంప్యూటర్లకి ఇద్దామని కమిటీ వాళ్లు అంటున్నారట. ఈ యూనిట్ టెస్ట్‌లో తొమ్మిదో తరగతి పరువు నిలబెడితే ఆవిడ నా తరఫున మాట్లాడతారట.

పాఠం పేరు ‘బలాలు, ద్రవ్యవేగం, అభిఘాతాలు’. అందులో కామాలు తప్ప నాకేమీ అర్థం కాలేదు.

జూలై 9, మంగళవారం

బోర్డు మీద లారీ గీశాను. దానికెదురుగా స్కూటరు. లారీ హెడ్‌లైట్ మీద మెరుపు, స్కూటరు లైటు గాజులో ఆ లారీ నీడ, రోడ్డు మీద దుమ్ము. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఫిజిక్స్ క్లాసులో చప్పట్లు వినిపించేసరికి పక్క గదిలోంచి లెక్కల టీచరు తొంగి చూసింది.

ఆ తర్వాత పుస్తకంలో ఉన్న ప్రశ్న అడిగాను. ఈ రెండూ గుద్దుకుంటే దేని మీద ఎక్కువ ఫోర్స్ పడుతుంది? స్కూటరు మీద అని క్లాసంతా అరిచింది. నేనూ మనసులో అదే అన్నాను. రెండో బెంచీ పిల్ల ఒక్కతే లేచి, రెండింటి మీదా సమానం సార్ అంది. స్టాఫ్ రూమ్‌లో ఆ పిల్ల పేరు ‘ఎందుకు’. ఏం చెప్పినా ఎందుకు సార్ అంటుంది కనక.

అయితే అమ్మా, నువ్వు స్కూటరెక్కు, నేను లారీ ఎక్కుతాను, సమానమో కాదో తేలిపోతుంది అన్నాను. క్లాసు పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. ఆ పిల్ల కూర్చుంది.

మొదటి రోజుకి బాగానే జరిగింది.

అదే రోజు, సాయంత్రం

పుస్తకం చివర జవాబులున్నాయి. సమానమట.

జూలై 10, బుధవారం

ప్రింటు తప్పేమో అనుకున్నాను. మా ఆవిడ ఆసుపత్రిలో ఎముకల వార్డులో నర్సు. గుద్దుకోవడాల గురించి మా ఇంట్లో తెలిసిన మనిషి తనే. అడిగితే నవ్వింది. నా వార్డులో ఉండేదంతా స్కూటరు వాళ్లేనండీ, లారీ వాళ్లు పళ్లు పట్టుకొచ్చి చూసి వెళ్తారు అంది. మా ఆవిడ మాట ఇంతవరకూ తప్పింది లేదు. పుస్తకంతో నాకు పరిచయం మొన్నటిదే.

ఫిజిక్స్ సార్ కూడా ఆ వార్డులోనే ఉన్నారు. బత్తాయిలు కొనుక్కుని వెళ్లాను. ఎలా జరిగింది సార్ అంటే, ఇక్కడ ఫ్యాను సరిగ్గా తిరగడం లేదండీ అన్నారు. మా ఆవిడ తర్వాత చెప్పింది. ఫోన్ చూసుకుంటూ నడిచి తోపుడు బండిని గుద్దారట. ఆ బండి నిలబడే ఉందట.

సందేహం అడిగాను. చర్యకి సమానంగా ప్రతిచర్య ఉంటుంది, లారీ స్కూటర్ని ఎంత నెడితే స్కూటరు లారీని అంతే నెడుతుంది అన్నారు. మరి నుజ్జయ్యేది స్కూటరొక్కటే ఎందుకు అన్నాను. ఫోర్స్ వేరు, దాని ఫలితం వేరు అన్నారు. అయితే ఫలితమే చెప్పుకుంటే పోలేదా, మధ్యలో ఫోర్సెందుకు అన్నాను. ఆయన కళ్లు మూసుకుని, నొప్పిగా ఉందంటూ గంట నొక్కారు. వచ్చింది మా ఆవిడే. నన్ను బయటికి పంపింది.

జూలై 11, గురువారం

‘ఎందుకు’ ఇవాళ ఏమీ అడగలేదు.

జూలై 12, శుక్రవారం

ఇవాళా అంతే. అనుమానమొచ్చి, భూమి బల్లపరుపుగా ఉంటుందని చెప్పి చూశాను. తలదించుకుని రాసుకుంది.

వెంటనే కొట్టేయించాను కానీ, ఆ పిల్ల కొట్టేసేటప్పుడు కూడా ఎందుకని అడగలేదు. ముగ్గురు టీచర్లు కలిసి ఏడాదంతా మూయించలేని నోరు, నేను ఒక్క జోకుతో మూయించాను. ఆ పిల్ల చెప్పింది రైటని రేపు వెళ్లి చెప్పొచ్చు. వెంటనే ఎందుకు సార్ అంటే? అనకపోతే?

డ్రాయింగ్ గది సంగతి తర్వాత. ముందు ఇది నాకు అర్థం కావాలి.

జూలై 14, ఆదివారం

అర్థమైంది. వీపు నొప్పిగా ఉంది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఆసుపత్రికి వెళ్లేసరికి ఫిజిక్స్ సార్‌ని చక్రాల కుర్చీలో వరండాలోకి తెచ్చారు. నన్ను చూడగానే ఆయన ముఖం వాడిపోయింది. నేను మళ్లీ అదే ప్రశ్న అడిగాను. ఆయన కాసేపు నన్నూ, గోడ పక్కనున్న ఖాళీ చక్రాల కుర్చీనీ మార్చి మార్చి చూశారు. ఎక్కండి అన్నారు.

ఎదురెదురుగా కూర్చున్నాం. సిమెంటు కట్టున్న కాలిని నా కుర్చీ పక్కకి చాపి, బాగున్న కాలు నా కుర్చీకి ఆనించారు. మీరేమీ చెయ్యకండి, చేతులు ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చోండి అన్నారు. అది నాకు వచ్చిన పనే. అప్పుడు తన్నారు. ఆ తన్నులో ఫిజిక్స్ ఒక్కటే లేదు, బుధవారం నాటి కోపం కూడా ఉంది.

నేను వెనక్కి దూసుకుపోయాను. పోతూ పోతూ చూశాను. ఆయన కూడా వెనక్కి జరుగుతున్నారు! నిదానంగా, హుందాగా, కానీ జరుగుతున్నారు. తన్నింది ఆయన. నేను వేలు కూడా కదపలేదు. మరి ఆయన్ని నెట్టింది ఎవరు? నేనే. ఆయన నన్నెంత నెట్టారో నేనూ ఆయన్ని అంతే నెట్టాను. కాకపోతే ఆయన నాకు రెండింతలుంటారు, పైగా సిమెంటు. అదే తోపుకి బక్క ప్రాణం ఎగిరిపోయింది, భారీ మనిషి బెత్తెడు జరిగారు.

ఇంతలో ఉతికిన దుప్పట్ల బండిని గుద్దాను. దుప్పట్లన్నీ మీద పడ్డాయి. ఆ తెల్లటి చీకట్లోంచి అర్థమైంది అని అరిచాను. ఏమర్థమైంది అని పైనుంచి గొంతు వినబడింది. మా ఆవిడ.

కుర్చీలు రెండూ లాక్కున్నారు. సార్‌ని మంచమెక్కించారు. ఆయన దుప్పటి ముఖం మీదికి లాక్కుని నవ్వుతున్నారు, పొట్ట కదలడం చూశాను.

ఇంటికొచ్చాక మా ఆవిడ చెప్పమంది. చెప్పాను. దెబ్బ ఇద్దరికీ ఒకటేనన్నమాట, తట్టుకునే బరువే వేరు అంది. నేను నాలుగు రోజులు పాకులాడింది గిన్నె కడిగేలోపు తేల్చేసింది. తర్వాత వీపుకి మందు రాసింది, అవసరమైన దానికంటే గట్టిగా.

జూలై 15, సోమవారం

క్లాసులోకి వెళ్లగానే చెప్పేశాను. ఆ రోజు రెండో బెంచీ చెప్పిందే రైటు, నేను చెప్పింది తప్పు, అది చాలక నవ్వాను, అది ఇంకా తప్పు. ఆ పిల్ల నన్ను చాలాసేపు చూసింది. తర్వాత లేచింది.

ఎందుకు సార్ సమానం?

ఆ పిల్లకి దణ్ణం పెట్టాలనిపించింది.

ఆఫీసులో గుమాస్తాలు కూర్చునే, కింద చక్రాలున్న కుర్చీలు రెండు తెప్పించి అందరి చేతా తన్నించాను. ఆ తర్వాత సుద్ద తీసుకున్నాను. ఇక్కడ నా పని నాకు తెలుసు. బరువైన మనిషికి లావు బాణం, తేలికైన మనిషికి సన్న బాణం. వేగం ఎంతైతే పొడవు అంత. లావు బాణం పొట్టిగా అటు పోయింది, సన్న బాణం పొడుగ్గా ఇటు పోయింది. రెండింటికీ పట్టిన సుద్ద మాత్రం ఒకటే. ఆ సుద్దే మొమెంటం, పుస్తకంలో రాసిన ద్రవ్యవేగం అన్నాను. ఒకటి అటు, ఒకటి ఇటు, కలిపితే సున్నా. నెట్టుకోక ముందు ఎంత? సున్నాయే.

గుద్దుకుని అతుక్కుపోతే సార్ అంది ‘ఎందుకు’. రెండు బాణాలూ కలిసి ఒకటే లావు బాణం అవుతుంది, వేగం తగ్గుతుంది, సుద్ద ఎక్కడికీ పోదు అన్నాను. అన్నాక ఆగిపోయాను. ఇది నాకెవరూ చెప్పలేదు.

జూలై 18, గురువారం

పిల్లలు కుర్చీల్లో తన్నుకుంటున్నారని కబురందినట్టుంది, మేడమ్ క్లాసు చూడటానికొచ్చారు. అంతా విన్నారు. నమ్మలేదు. ఏదీ, నన్ను నెట్టమనండి అని కుర్చీలో కూర్చున్నారు. కుర్చీ మూలిగింది.

నెట్టడానికి ‘ఎందుకు’ లేచింది. క్లాసంతటికీ ఆ పిల్లే బక్కది. ఎదురు కుర్చీలో కూర్చుని తన్నింది. తనేమో తలుపు దాకా పోయింది. మేడమ్ అంగుళమో అంగుళమున్నరో జరిగారు.

చూశారా, నాకేమీ తెలియనే లేదు, సమానమెక్కడిది అన్నారు మేడమ్. తోపు సమానమే మేడమ్, మీరు తక్కువ కదిలారంతే అంది పిల్ల. ఎందుకు అన్నారు మేడమ్.

క్లాసులో కొందరు పైకప్పు చూశారు. ఒకడు బూటు లేసు కట్టుకోవడానికి వంగి మళ్లీ లేవలేదు. ఆ పిల్ల నోరు తెరవబోయింది. నేను అడ్డం పడ్డాను. మేడమ్ గారి ద్రవ్యరాశి వల్ల అన్నాను. నా ఏమిటి అన్నారు. ద్రవ్యరాశి అంటే, మేడమ్, ఎవరు నెట్టినా అంత సులువుగా చలించని గుణం అన్నాను.

ఆవిడ ముఖం వెలిగింది. అది నిజమే మాస్టారూ అన్నారు.

అక్కడితో అయిపోయేదే. కానీ పిల్ల చెయ్యెత్తింది. ఇద్దరి వేగాలూ, నా బరువూ తెలిస్తే మీ బరువు ఎంతో లెక్క కట్టెయ్యొచ్చు మేడమ్ అంది. క్లాసంతా ఒక్కసారిగా పెన్నులు తీసింది.

మేడమ్ లేచారు. బెల్లు కొట్టేశారు, క్లాసు వదలండి అన్నారు. బెల్లు కొట్టలేదు.

జూలై 29, సోమవారం

మార్కులొచ్చాయి. ఒక్కరూ తప్పలేదు. లారీ ప్రశ్నకి అందరూ సమానమనే రాశారు, పక్కన లావు బాణాలూ సన్న బాణాలూ గీసి మరీ.

మేడమ్ గదికి పిలిచారు. కమిటీతో మాట్లాడారట, డ్రాయింగ్ ఉంటుంది, గదీ ఉంటుంది. నేను థ్యాంక్స్ చెప్పి వచ్చేస్తుంటే తలుపు వేసి రమ్మన్నారు. ఆ రోజు ఆ లెక్క ఎవరైనా పూర్తి చేశారా అని అడిగారు.

లేదన్నాను. అందరిదీ ఒకటే జవాబొచ్చింది.

ఆగస్టు 6, మంగళవారం

ఫిజిక్స్ సార్ వచ్చేశారు. ఎక్కువసేపు నిలబడకూడదట. అందుకని కొన్నాళ్లు నేనే ఫిజిక్స్, ఆయన కూర్చుని డ్రాయింగ్.

ఇవాళ యాపిల్ గీశారు. పిల్లలు బంగాళాదుంప అనుకున్నారు. క్లాసయ్యాక వెళ్లి చూశాను. బంగాళాదుంపే. కానీ బల్ల మీద ఎంత బరువుగా కూర్చుందో! నేను గీసిన ఏ పండూ ఎప్పుడూ అలా కూర్చోలేదు.