దారి ఇవ్వని పచ్చబాట

ఫిబ్రవరి 9, సోమవారం

మా ప్లానింగ్ ఆఫీసులో కొత్త రైలు లైను మ్యాపు గోడకెక్కింది. రైలు పైన, స్తంభాల మీద వెళ్తుంది. స్తంభాల కింద మిగిలే నేలంతా నాది. అంటే నా డిజైన్‌ది. ఒక నడకదారి, పక్కనే సైకిల్ దారి, రెండు వైపులా ఎక్కడా తెగకుండా సాగే ముళ్ళ మొక్కల కంచె, మా ఆఫీసు భాషలో హెడ్జ్, దాని వెనక చెట్లు. ఈ గ్రీన్‌వే ఎన్నాళ్ళుగానో నా బుర్రలో పెరుగుతోంది. డైరెక్టర్‌గారు డ్రాయింగు తిరగేసి, బావుంది, జనం ఏమంటారో కనుక్కోండి అన్నారు.

జనం అంటే ఎవరో కాదు. మొదటి ముక్క మా వీధి ముందు నుంచే స్టేషన్ దాకా వెళ్తుంది.

ఫిబ్రవరి 22, ఆదివారం

స్కూలు హాల్లో మొదటి కమ్యూనిటీ మీటింగు. నేను స్లైడ్లు చూపిస్తున్నంతసేపూ జనం ఫ్యాన్ల వంక చూశారు. తర్వాత మా అక్క లేచింది.

అక్క అంటే తోడబుట్టిన అక్క కాదు. తోటికోడలు, మా బావగారి భార్య. కింద పోర్షన్‌లో వాళ్ళు, పైన మేము. వీధి మొదట్లో ఆమెకు టైలరింగ్ షాపు ఉంది. ఊరందరికీ టైలరమ్మ.

ఆమె మాట్లాడింది ఒకే ఒక్క సంగతి. అవతలి అపార్ట్‌మెంట్ల వాళ్ళు ఇప్పుడు ఖాళీ నేల దాటి ఇటు వచ్చేస్తున్నారు, హెడ్జ్ వేశాక స్టేషన్ దాకా నడిచి చుట్టూ తిరిగి రావాలా అని అడిగింది. మా వీధి ఎదురుగా ఒక్క దారి వదిలేయమంది. హాలంతా చప్పట్లు. నా స్లైడ్లకు ఒక్క చప్పట పడితే ఒట్టు.

నేను మైకు తీసుకున్నాను. దారి వదిలితే బైకులు దూరతాయి, బైకులు దూరితే పార్కింగ్ మొదలవుతుంది, ఆ వెనకే తోపుడుబండ్లు వస్తాయి, ఇక గ్రీన్‌వే అన్నది పేరుకే మిగులుతుందని చెప్పాను. చెప్పిందంతా నిజమే. కానీ నా గొంతు నాకే కుళాయి దగ్గర గొడవలా వినిపించింది.

ఇంటికి రాగానే మా ఆయన, వదిన భలే మాట్లాడారు కదా అన్నాడు. ఆ పూట ఆయనకు రెండోసారి కూర వడ్డించలేదు.

ఫిబ్రవరి 23

ఒళ్ళు మండుతోంది.

మార్చి 4

ఇది జెలసీ కాదు. ప్రొఫెషనల్ అబ్జెక్షన్.

మార్చి 5

జెలసీయే. ఇక్కడ ఎవరు చదువుతారు గనక, రాసేద్దాం.

ఈ ఇంట్లో అడుగుపెట్టిన రోజు నుంచీ చూస్తున్నాను. అత్తయ్యకు మోకాలు నొప్పి వస్తే పిలిచేది ఆమెనే. చుట్టాలొస్తే ముందు కింద పోర్షన్ తలుపే తడతారు. నా కూతురు, నేను కన్న కూతురు, మార్కులు బాగా వస్తే ముందు పెద్దమ్మకి చెప్పి, ఆ తర్వాత తీరిగ్గా మెట్లెక్కి నా దగ్గరికొస్తుంది. ఆమె ఏమీ చెయ్యదు. ఎవరినీ పిలవదు. మిషన్ తొక్కుకుంటూ కూర్చుంటుంది, జనమే వెళ్ళి ఆమె చుట్టూ చేరతారు. అది ఇంకా మంట.

మీటింగుకి వేసుకెళ్ళిన కోటు కూడా ఆమె కుట్టిందే. ఒక్కసారైనా భుజం దగ్గర జారితే బావుణ్ణని కోరుకుంటాను. జారి చావదు.

చదువుకున్నాను, పరీక్ష రాశాను, ఉద్యోగం తెచ్చుకున్నాను. మిగతా అంతా ఆమెదే అయినా ఆఫీసు మాత్రం నాది అనుకునేదాన్ని. ఇప్పుడు అక్కడికీ వచ్చేసింది.

మార్చి 18

రెసిడెంట్స్ కమిటీకి అక్కను చైర్‌పర్సన్ చేశారు. ప్రతిపాదించింది మా డైరెక్టర్‌గారే. ఆమె ఆఫీసుకొచ్చి నా ఎదురు కుర్చీలో కూర్చుంది. ఎదురు కుర్చీయే, అయినా నా కుర్చీలో కూర్చున్నట్టే అనిపించింది. డైరెక్టర్‌గారు ఆమెకు పింగాణీ కప్పులో టీ తెప్పించారు. నేను చేరిన ఇన్నేళ్ళలో నాకు కాగితం కప్పు కూడా ఇవ్వలేదు.

నిర్ణయం ఏమిటంటే, రెండు ఆప్షన్లు ఓటింగుకి పెడతాం. ఆప్షన్ ఎ, తెగని హెడ్జ్. ఆప్షన్ బి, మా వీధి ఎదురుగా దారి ఉన్న హెడ్జ్. గెలిచింది ముందు మా వీధి ముక్కలో ట్రయల్‌గా వేస్తారు. ఎ గెలిచి, ఒక్క మార్పూ అడక్కుండా ట్రయల్ నిలబడితే, లైను మొత్తానికి నేనే ఇన్‌చార్జి. ఈ మాట చెప్పేటప్పుడు డైరెక్టర్‌గారు నా వైపు చూశారు. పోనీ ఈ ఒక్కటైనా నా వైపు చూసి చెప్పారు.

ఏప్రిల్ 12, ఆదివారం, ఉదయం 7

హాలు తాళం నా దగ్గరే ఉంది. రెండు బోర్డులూ నిలబెట్టాను. ఒక్కో ఇంటికి మూడేసి ఆకుపచ్చ స్టిక్కర్లు ఇస్తాం, నచ్చిన బోర్డు మీద అంటించాలి.

మా పనిలో ఒక సంగతి అందరికీ తెలుసు. మొదటి స్టిక్కర్లు ఎక్కడ పడితే మిగతావీ అక్కడే పడతాయి. జనం బోర్డు చదవరు, స్టిక్కర్లను చూస్తారు. అందుకే ఖాళీ బోర్డుతోనే మొదలుపెట్టాలని రూలు. ఆ రూలు డ్రాఫ్ట్ చేసింది నేనే.

ఒక గుప్పెడు తీసి ఆప్షన్ ఎ మీద అంటించాను. ఎవరో అంటించినట్టు కొంచెం వంకరగా, అక్కడొకటి ఇక్కడొకటి. చేతులు వణకలేదు. వణికాయని రాస్తే బావుంటుంది గానీ వణకలేదు.

అదే రోజు, సాయంత్రం

ఎ గెలిచింది. బాగా గెలిచింది.

అక్క వచ్చి కంగ్రాట్స్ చెప్పింది. ఓడిన మనిషి మొహం మాడ్చుకోవాలి కదా, అదీ లేదు. గెలిచిన సంతోషం కూడా సగం ఆమే పట్టుకుపోయింది.

జూన్ 27

వానలు పడ్డాయి. ట్రయల్ ముక్కలో, నర్సరీలో నడుమెత్తు పెరిగిన కాగితప్పూల మొక్కలు నాటాం, దగ్గర దగ్గరగా, రెండు వరసలు. వీటి ముళ్ళు దాటి పిల్లి కూడా పోదు. డ్రాయింగులో గీసిన గీత నేల మీద నిజంగా కనిపిస్తుంటే చాలాసేపు అక్కడే నిలబడ్డాను. ఈ ఆనందం మాత్రం ఎవరూ పంచుకోలేరు.

ఆగస్టు 14

హెడ్జ్ నా భుజం దాకా వచ్చింది. గులాబి రంగు పూలు. పేపరువాళ్ళు ఫొటో తీసుకున్నారు.

ఆఫీసుకి వెళ్తూ అక్క షాపు ముందు నుంచి నడిచాను. మిషన్ చప్పుడు లేదు. అక్క బల్ల మీద గడ్డం ఆనించి హెడ్జ్ వైపు చూస్తూ కూర్చుంది. నన్ను చూసి చెయ్యి ఊపింది. నేనూ ఊపాను.

ఆగస్టు 29

మా ఆయన చెప్పాడు. అపార్ట్‌మెంట్ల వాళ్ళు రావడం మానేశారట. సగానికి పైగా పని వాళ్ళదే. షాపు వదిలేసి ఊరి చివర రెడీమేడ్ ఫ్యాక్టరీలో చేరతానని అక్క అంటోందట. అక్కడ రోజంతా కాలర్లు మాత్రమే కుట్టాలట.

విన్న వెంటనే సంతోషం వేసింది. ఇది రాయకపోతే డైరీ ఎందుకు?

ఆ సంతోషం కూర చల్లారేదాకా కూడా నిలవలేదు. ఎందుకంటే సాయంత్రానికల్లా ఇల్లంతా ఆమె గురించే బాధ. అత్తయ్య అన్నం ముట్టలేదు. నా కూతురు పెద్దమ్మ ఒళ్ళో తలపెట్టి ఏడ్చిందట. చివరికి జాలి కూడా ఆమెకే పోయింది. నా మీద జాలి పడేవాళ్ళు ఈ ఇంట్లో ఒక్కరూ లేరు. పడేంత కష్టం నాకేముందని అడిగితే జవాబు లేదనుకోండి.

కాలర్లు. రోజంతా కాలర్లు.

సెప్టెంబర్ 6

హెడ్జ్‌లో కన్నం. సరిగ్గా మా వీధి ఎదురుగా. ఒక మనిషి పట్టేంత.

సెప్టెంబర్ 9

కొత్త మొక్కలు పెట్టించాను.

సెప్టెంబర్ 15

మళ్ళీ కన్నం. ఇంకా పెద్దది. డైరెక్టర్‌గారు ఫోన్ చేసి, ట్రయల్ మీదే కదా, మీరే తేల్చండి అన్నారు. అవసరమైతే ఇనుప మెష్ వేయిస్తామన్నారు. ఎవరి పనో నాకు తెలుసు. రేపు తెల్లారగానే వెళ్ళి దొరకబుచ్చుకుంటాను. అందరూ నెత్తిన పెట్టుకునే మనిషి ఏం చేస్తోందో అందరికీ చూపిస్తాను. ఫోన్‌కి ఛార్జింగ్ పెట్టాను.

సెప్టెంబర్ 16, ఉదయం 9

అక్కే.

కానీ నరకడం లేదు. కొమ్మల్ని వెనక్కి వంచి, బట్ట పీలికలతో పక్క కొమ్మలకు కడుతోంది. మోచేతుల దాకా గీతలు, రక్తం. నన్ను చూసి ఆగలేదు. అవతలి నుంచి ఇద్దరాడవాళ్ళు సంచులతో తలొంచుకుని దూరి ఇటొచ్చారు. నాకు గుడ్ మార్నింగ్ కూడా చెప్పారు.

నేను ఫోన్ తీసేలోపు ఆ కన్నంలోంచే ఒక బైకు దూసుకొచ్చింది. అక్క పక్కకి తప్పుకోకపోతే కాలు విరిగేది. ఇద్దరం ఒకేసారి వాణ్ణి తిట్టాం. ఆమె తిట్లు నా తిట్లకంటే బావున్నాయి. వాడు పోయాక, చూశారా, నేను చెప్పలేదా అన్నాను. చెప్పావు, నువ్వు చెప్పింది నిజమే అంది. ఇన్నేళ్ళలో ఆమె నోటి నుంచి ఆ మాట వినడం ఇదే మొదలు. ఆనందించేలోపే ఇంకో మాట అంది.

"ఓటింగు రోజు నువ్వు స్టిక్కర్లు అంటిస్తుంటే కిటికీలోంచి చూశాను."

ఫోన్ సంగతి వదిలేశాను. మరి ఎవరికీ ఎందుకు చెప్పలేదని అడిగాను.

"ఏమని చెప్పను? నేనూ అదే పనికి వచ్చాను. కమిటీకిచ్చిన స్టిక్కర్లు నా సంచిలోనే ఉన్నాయి. నువ్వు నాకంటే ముందొచ్చావు, అంతే."

తర్వాత చాలా చెప్పింది. పొద్దున్నే సంచి భుజాన వేసుకుని నేను మెట్లు దిగుతుంటే ఆమెకు కడుపు మండుతుందట. నాకు ఆఫీసుంది, కాగితాల మీద సంతకం ఉంది, సెలవు పెడితే దొరికే సెలవుంది. ఆమె షాపుకి వచ్చిన ప్రతివాళ్ళూ ముందు నా గురించి అడుగుతారట, మీ చెల్లెలు పెద్ద ఆఫీసరటగా అని. నా కోటు కుట్టినప్పుడు కూడా కుళ్ళుకుంటూనే కుట్టిందట.

"మరి అంత బాగా ఎందుకు కుట్టారు?" అన్నాను.

"పాడుచేస్తే పేరు పోయేది నాది కాదూ?"

నాకు నవ్వొచ్చింది. ఆమెకు రాలేదు. చేతికి ముల్లు గుచ్చుకుని ఉంది. నేను తీశాను. తీస్తూ కొంచెం గట్టిగానే నొక్కాను.

సెప్టెంబర్ 21

గేటు గీశాను. నడిచే మనిషికీ, చక్రాల కుర్చీకీ దారిచ్చి, బైకు మాత్రం మలుపు తిరగలేనట్టు మెలిక పెట్టిన గేటు. మొదటి రోజే గీయగలిగేదాన్ని. అడిగింది ఆమె గనక గీయలేదు.

అక్టోబర్ 1

డైరెక్టర్‌గారికి చూపించాను. మార్పు అడుగుతున్నారంటే ట్రయల్ నిలబడనట్టే కదా అన్నారు. అవునన్నాను. ఇన్‌చార్జి సంగతి మర్చిపోవాల్సి వస్తుందన్నారు. తెలుసన్నాను. నాకంటే మూడేళ్ళ జూనియర్‌కి ఇచ్చారు. అతని మీద కుళ్ళు ఇవాళే మొదలైంది.

అక్టోబర్ 30

గేటు బిగించారు. అక్క షాపులో మిషన్ మోగుతోంది. మా ఆయన, వదిన మొహం కళకళలాడుతోంది కదా అన్నాడు. నా మొహం సంగతి అడగలేదు.

నవంబర్ 15

గేటుకి పేరు పెట్టాలని కమిటీ తీర్మానం. ఫైనల్ డ్రాయింగు మీద నేనే టైప్ చేశాను: టైలరమ్మ గేటు. కొంచెం చిన్న అక్షరాల్లో.

అక్క కళ్ళజోడు సర్దుకుని చూసి, కనిపించట్లేదే, పెద్దది చెయ్ అంది.

చేశాను. ఒక్క సైజు.